నడిసముద్రంలో ఓడ సరిగ్గా ఎక్కడుంది? ఆ చుక్కను ఎంతవరకు నమ్మాలి?

తండేల్ సినిమా మీలో చాలామంది చూసే ఉంటారు. దానికి ఆధారం నిజంగా జరిగిన సంగతే. 2018 నవంబర్‌లో గుజరాత్ తీరం నుంచి వేటకు వెళ్ళిన మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారుల్ని, మా జలాల్లోకి వచ్చారంటూ పాకిస్తాన్ వాళ్ళు పట్టుకున్నారు. వాళ్ళు వాఘా దాటి తిరిగొచ్చింది 2020 జనవరిలో. అంటే ఏడాది దాటి కరాచీ జైల్లోనే. సినిమా అయ్యాక అందరూ ప్రేమకథ గురించి, పాటల గురించి మాట్లాడుకున్నారు. నాకు మాత్రం ఒక ప్రశ్న పట్టుకుంది. అసలు ఆ సరిహద్దు గీత నీళ్ళ మీద ఎక్కడుంది?

భూమ్మీదైతే కంచె ఉంటుంది, రాయి ఉంటుంది, కనీసం ఒక బోర్డైనా ఉంటుంది. సముద్రంలో గీత అంటే రెండు అంకెలే. ఒకటి అక్షాంశం, రెండోది రేఖాంశం. నువ్వు గీతకి ఇటున్నావా అటున్నావా అని చెప్పేది నీ కళ్ళు కాదు, నీ దగ్గరున్న ఓ చిన్న పెట్టె. దాని తెర మీద ఓ చుక్క. ఈ ఎపిసోడ్ మొత్తం ఆ చుక్క గురించే. అది ఎలా వస్తుంది, ఎంత కచ్చితంగా వస్తుంది, అన్నిటికన్నా ముఖ్యంగా, అది తప్పు చెప్తున్నప్పుడు మనకి తెలుస్తుందా లేదా.

ముందు ఒక మాట. మన ఫోన్‌లో మ్యాప్ తెరిస్తే నీలి చుక్క చక్కగా రోడ్డు మీదే కనిపిస్తుంది కదా. అందులో కొంచెం మోసం ఉంది. చుట్టుపక్కల వైఫై పేర్లు, సెల్ టవర్లు ఫోన్‌కి సాయం చేస్తాయి. పైగా మీరు బండి మీద వెళ్తుంటే రోడ్డు మీదే ఉంటారని యాప్‌కి తెలుసు కాబట్టి, చుక్క పక్కనున్న కాలవలో పడినా దాన్ని లాక్కొచ్చి రోడ్డు మీద పెట్టేస్తుంది. సముద్రంలో ఇవేవీ లేవు. ఒడ్డు నుంచి పది పన్నెండు కిలోమీటర్లు దాటితే టవర్ ఉండదు. రోడ్డు ఎటూ లేదు. నాలుగు దిక్కులా ఒకటే నీళ్ళు. చుక్క రెండు కిలోమీటర్లు పక్కకి జరిగిందనుకోండి, అయ్యో తప్పు చూపిస్తోందే అనడానికి పక్కన ఒక కిరాణా కొట్టు కూడా ఉండదు. భూమ్మీద జీపీఎస్‌కి, సముద్రం మీద జీపీఎస్‌కి అసలు తేడా ఇదే.

శాటిలైట్ నావిగేషన్ పుట్టిందే సముద్రం కోసం అని చాలామందికి తెలియదు. 1957లో రష్యా వాళ్ళ స్పుత్నిక్ బీప్ బీప్‌మంటూ తిరుగుతుంటే, అమెరికాలో జాన్స్ హాప్‌కిన్స్ యూనివర్సిటీ ల్యాబ్‌లో ఇద్దరు కుర్ర శాస్త్రవేత్తలు ఆ శబ్దంలో మార్పుని బట్టి శాటిలైట్ దారిని లెక్కగట్టారు. అంబులెన్స్ దగ్గరికొచ్చేటప్పుడు సైరన్ ఒకలా, దాటి వెళ్ళాక ఇంకోలా వినిపిస్తుంది చూడండి, అదే సూత్రం. శాటిలైట్ ఎక్కడుందో మనం నేల మీద నుంచి కనుక్కోగలిగితే, శాటిలైట్ దారి ముందే తెలిసినప్పుడు మనం ఎక్కడున్నామో కూడా కనుక్కోవచ్చు కదా అని ఆ ల్యాబ్‌లోనే లెక్కని తిరగేశారు. అలా ట్రాన్సిట్ అనే వ్యవస్థ వచ్చింది. 1964 నుంచి అమెరికా జలాంతర్గాములు దాన్ని వాడాయి. శాటిలైట్ తల మీదుగా వెళ్ళినప్పుడు మాత్రమే పొజిషన్ దొరికేది. మళ్ళీ కావాలంటే గంటో గంటన్నరో ఆగాలి. ఇప్పుడు మనం రెండు సెకన్లు చుక్క కదలకపోతే ఫోన్‌ని తిడతాం.

సరే, జీపీఎస్ ఎలా పనిచేస్తుందో త్వరగా చూద్దాం. వానాకాలంలో మెరుపు కనిపించగానే ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టి, ఉరుము వినిపించాక పిడుగు ఎంత దూరంలో పడిందో చెప్పే ఆట చిన్నప్పుడు ఆడే ఉంటారు. శబ్దం సెకనుకి 340 మీటర్లు పోతుంది. మూడు సెకన్లంటే దాదాపు కిలోమీటరు. జీపీఎస్ చేసేదీ ఇదే. శాటిలైట్ సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తు నుంచి "నేను బయల్దేరిన టైమ్ ఇది, నేనున్న చోటు ఇది" అని నిరంతరం చెప్తూ ఉంటుంది. ఆ మాట మన దగ్గరికి చేరడానికి సెకనులో వందకి ఏడో వంతు పడుతుంది. ఎంత ఆలస్యమైందో కొలిస్తే దూరం వచ్చేస్తుంది. ఇలా మూడు నాలుగు శాటిలైట్ల నుంచి దూరాలు తెలిస్తే, ఆ దూరాలన్నీ కుదిరే చోటు భూమ్మీద ఒక్కటే. అదే మీరున్న చోటు.

వినడానికి సింపులే. చిక్కు ఎక్కడంటే, ఇక్కడ పరుగెత్తేది శబ్దం కాదు, రేడియో తరంగం. కాంతి వేగం. గడియారం ఒక్క మైక్రోసెకన్, అంటే సెకనులో పది లక్షలో వంతు తప్పితే దూరం 300 మీటర్లు తప్పుతుంది. శాటిలైట్లలో అటామిక్ గడియారాలున్నాయి. మన ఫోన్‌లో, బోటు మీది పెట్టెలో ఉన్నది మాత్రం చవక క్వార్ట్జ్ ముక్క. అందుకే నాలుగో శాటిలైట్ కావాలి. మూడు మన చోటు చెప్తాయి, నాలుగోది మన గడియారం ఎంత తప్పో చెప్తుంది. ఓడలకి ఇక్కడ ఒక చిన్న వెసులుబాటు ఉంది. ఓడ ఎప్పుడూ సముద్రమట్టంలోనే ఉంటుంది కాబట్టి ఎత్తు ముందే తెలుసు. అందుకే శాటిలైట్లు తక్కువగా ఉన్న తొలి రోజుల్లో ఓడలు మూడింటితోనే పని నడిపించుకున్నాయి.

ఇంకో చిత్రం కూడా చెప్పేస్తా. ఐన్‌స్టీన్ చెప్పినట్టు అంత ఎత్తులో, అంత వేగంతో తిరిగే గడియారం మన గడియారం కన్నా రోజుకి 38 మైక్రోసెకన్లు ముందుకి పోతుంది. దాన్ని సరిచేయకపోతే లెక్క రోజుకి పది కిలోమీటర్లకు పైగా జారిపోతుంది. రిలేటివిటీ మనకెందుకు, పరీక్ష కోసమే అనుకునేవాళ్ళు వేటకెళ్ళే పడవని అడగాలి.

ఇప్పుడు తప్పులు ఎక్కడ నుంచి వస్తాయో చూద్దాం. పెద్ద దొంగ అయనోస్ఫియర్. నేల నుంచి వంద కిలోమీటర్ల పైన, ఎండ దెబ్బకి గాలి అణువులు చితికి విద్యుత్ కణాలుగా మారిన పొర అది. సిగ్నల్ అందులోంచి వచ్చేటప్పుడు కాస్త ఆలస్యమవుతుంది. ఆ కాస్త ఆలస్యం మనకి మీటర్ల నుంచి పదుల మీటర్ల తప్పు. పైగా మన అదృష్టం ఏంటంటే భూమి అయస్కాంత మధ్యరేఖ దక్షిణ భారతం కొన మీదుగా పోతుంది. దాని దగ్గర్లో ఈ పొర మహా అల్లరి చేస్తుంది. సూర్యుడు దిగిన తర్వాత కొన్ని గంటలు అందులో బుడగల్లాంటివి లేస్తాయి. అప్పుడు నక్షత్రాలు మిణుకుమన్నట్టు సిగ్నల్ కూడా మిణుకుమంటుంది. యూరప్‌లో బాగా పనిచేసిన లెక్కని ఉన్నదున్నట్టు తెచ్చి బంగాళాఖాతంలో వాడితే కుదరదు.

ఒకప్పుడు ఈ తప్పుల మీద ఇంకో తప్పుని కావాలనే కలిపేవారు. అమెరికా రక్షణ శాఖ, శత్రువులు వాడుకుంటారేమోనని, మామూలు జనానికి వచ్చే సిగ్నల్‌ని చెడగొట్టి పంపేది. వంద మీటర్ల దాకా తేడా వచ్చేది. అదే అమెరికాలో కోస్ట్ గార్డ్ ఏం చేసిందో తెలుసా? హార్బర్లలో ఓడలు గుద్దుకోకుండా ఆ తప్పుని కొలిచి, ఇదిగో ఇంత తీసేసుకోండి అని రేడియోలో చెప్పడం మొదలుపెట్టింది. ఒకే ప్రభుత్వం ఒక చేత్తో చెరపడం, ఇంకో చేత్తో దిద్దడం! 2000 మే నెలలో ఆ చెరపడం ఆపేశారు. కానీ దిద్దే పద్ధతి మాత్రం నిలిచింది. దాని పేరు డిఫరెన్షియల్ జీపీఎస్. ఒడ్డున తన చోటు సెంటీమీటర్లతో సహా తెలిసిన ఒక స్టేషన్ ఉంటుంది. జీపీఎస్ దానికి వేరే చోటు చూపిస్తే ఆ తేడానే తప్పు. దగ్గర్లో ఉన్న ఓడకి కూడా దాదాపు అదే తప్పు ఉంటుంది కాబట్టి తీసేసుకుంటే సరి.

"దగ్గర్లో" అన్నాను చూశారా, కిటుకంతా అక్కడే. ఒడ్డు నుంచి వందల కిలోమీటర్లు వెళ్ళిన ఓడకి ఒడ్డున ఉన్న స్టేషన్ అందదు. అందుకని దేశమంతా స్టేషన్లు పెట్టి, కరెక్షన్లని శాటిలైట్‌కి ఎక్కించి, అక్కడి నుంచి కిందకి పంపడం వచ్చింది. మన దగ్గర దాని పేరు గగన్. ఇస్రో, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కలిసి చేశాయి. జీశాట్-8, జీశాట్-10 లాంటి శాటిలైట్ల మీద నడుస్తుంది. చేసింది విమానాల కోసం, కానీ సిగ్నల్ పడేది సముద్రం మీద కూడా. అందులో నాకు నచ్చే విషయం కచ్చితత్వం కాదు. ఏదైనా జీపీఎస్ శాటిలైట్ పిచ్చి లెక్కలు పంపుతుంటే "దాన్ని నమ్మకండి" అని కొన్ని సెకన్లలోనే చెప్పేస్తుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో దీనితో పనిపడుతుంది.

మీటరు సరిపోదు, ఇంకా కచ్చితంగా కావాలంటే? ఎవరికి కావాలి అంటారా. కాకినాడ ఎదురుగా సముద్రంలోకి చూడండి. కేజీ బేసిన్ గురించి వార్తల్లో వింటూనే ఉంటాం కదా. అక్కడ లోతు కిలోమీటరు దాటిన చోట్ల కూడా బావులు తవ్వారు. 2013లో ధీరూభాయ్ డీప్‌వాటర్ కేజీ1 అనే ఓడ ఓఎన్‌జీసీ కోసం మన తూర్పు తీరంలో 3,100 మీటర్లకు పైగా లోతున్న నీళ్ళలో డ్రిల్లింగ్ చేసింది. అప్పటికి అది ప్రపంచ రికార్డు. అంత లోతులో లంగరు వేసి నిలబడటం కష్టం. ఓడ అడుగున ప్రొపెల్లర్ల లాంటి థ్రస్టర్లు ఉంటాయి, అవి ఎటు కావాలంటే అటు తోస్తాయి. గాలి ఇటు తోస్తే అవి అటు తోస్తాయి. ఓడ నుంచి సముద్రపు అడుగున బావి నోటి దాకా పొడవాటి గొట్టం వేలాడుతుంది. ఓడ హద్దు దాటి పక్కకి జరిగిందంటే గొట్టం వంగిపోతుంది. అది విరిగేలోపు బావిని మూసేసి గొట్టం విడదీసేయాలి. అంటే రోజుకి కోట్లు ఖర్చయ్యే పని ఆగిపోతుంది. సరిగ్గా విడిపోకపోతే ఇంకా ఘోరం. ఈ థ్రస్టర్లని రాత్రీపగలూ నడిపే కంప్యూటర్ అడిగే మొదటి ప్రశ్న, "నేనిప్పుడు ఎక్కడున్నాను?"

దీనికి రెండు ఉపాయాలు కలిపి వాడతారు. మొదటిది, సిగ్నల్‌లో ఉన్న సందేశాన్ని కాకుండా ఆ తరంగాన్నే కొలవడం. జీపీఎస్ ప్రధాన తరంగం పొడవు 19 సెంటీమీటర్లు. ఒక టేపు ఊహించుకోండి. దాని మీద గీతలు చాలా సన్నగా, స్పష్టంగా ఉన్నాయి. కానీ అంకెలు చెరిగిపోయాయి. రెండు గీతల మధ్య ఎక్కడున్నానో మిల్లీమీటర్లలో చెప్పగలను, కానీ అది ఎన్నో గీత అంటే తెలీదు. శాటిలైట్లు ఆకాశంలో కదిలేకొద్దీ, తప్పు జవాబులు ఒక్కొక్కటీ కుదరకుండా పోయి, సరైన అంకె తేలుతుంది. అందుకే ఈ పద్ధతిలో రిసీవర్ ఆన్ చేశాక ఇరవై ముప్పై నిమిషాలు ఆగాలి. రెండో ఉపాయం, ప్రపంచమంతా ఉన్న స్టేషన్లతో ప్రతి శాటిలైట్ దారినీ, గడియారాన్నీ మళ్ళీ సొంతంగా లెక్కగట్టి, ఆ కరెక్షన్లని ఇంకో శాటిలైట్ ద్వారా ఓడకి పంపడం. రెండు ఫ్రీక్వెన్సీలు విని అయనోస్ఫియర్ ఆలస్యాన్ని కొట్టేయడం కూడా ఇందులో భాగమే. దీన్ని ప్రిసైజ్ పాయింట్ పొజిషనింగ్ అంటారు. ఒడ్డుతో సంబంధం లేదు. నడిసముద్రంలో పది సెంటీమీటర్ల స్థాయికి వచ్చేస్తుంది. ఫుగ్రో లాంటి కంపెనీలు దీన్ని చందా మీద అమ్ముతాయి. యూరప్ వాళ్ళ గెలీలియో మాత్రం 2023 జనవరి నుంచి ఇలాంటి కరెక్షన్లని ఉచితంగానే పంపుతోంది, ఇరవై సెంటీమీటర్ల గురితో.

ఇక్కడ తమాషా చూడండి. అంత కచ్చితంగా తెలిసేది ఓడ చోటు కాదు, యాంటెన్నా చోటు. యాంటెన్నా స్తంభం మీద 30 మీటర్ల ఎత్తున ఉందనుకుందాం. ఓడ అలలకి ఐదు డిగ్రీలు పక్కకి ఒరిగితే యాంటెన్నా రెండున్నర మీటర్లు పక్కకి పోతుంది. ఓడ మాత్రం ఉన్నచోటే ఉంది! కష్టపడి తెచ్చిన పది సెంటీమీటర్లు ఒక్క అలతో సరి. అందుకే ఓడ ఎంత ఒరిగిందో కొలిచే ఇంకో పరికరం పెట్టి, ఆ లెక్క తీసేస్తారు. ఇంకోటి, 400 మీటర్ల కంటైనర్ ఓడలో ఏ చివరని "ఓడ ఉన్న చోటు" అనాలి? ఓడలు తమ వివరాల్ని చుట్టుపక్కల వాళ్ళకి ప్రకటించే ఏఐఎస్ అనే వ్యవస్థ ఉంది. అందులో యాంటెన్నా నుంచి ముందుకి ఎంత, వెనక్కి ఎంత, ఎడమకి ఎంత, కుడికి ఎంత అని నాలుగు కొలతలు కూడా పెడతారు. మెరైన్‌ట్రాఫిక్ సైట్ తెరిచి విశాఖ పోర్టు దగ్గర జూమ్ చేస్తే మీకు కనిపించే ఓడలన్నీ ఈ ప్రకటనల నుంచి వచ్చినవే.

ఇంతవరకు బాగానే ఉంది. ఇక అసలు విషయం. చుక్క ఎంత సన్నగా ఉందన్నది ఒక ప్రశ్న. ఆ చుక్క నిజమేనా అన్నది వేరే ప్రశ్న. జనం మొదటిదానికి జవాబు దొరికితే రెండోదానికి కూడా దొరికిందనుకుంటారు.

1995 జూన్ 9. రాయల్ మెజెస్టీ అనే విహార నౌక బెర్ముడా నుంచి బోస్టన్‌కి బయల్దేరింది. లోపల పదిహేను వందల మందికి పైగా ఉన్నారు. బయల్దేరిన గంటలోపే జీపీఎస్ యాంటెన్నా కేబుల్ ఊడిపోయింది. అంతే. బాంబు లేదు, తుఫాను లేదు, ఒక వైరు ఊడింది. సిగ్నల్ రాకపోయేసరికి రిసీవర్ ఏం చేసిందంటే, ఆఖరిగా తెలిసిన చోటు నుంచి, ఓడ వేగం, దిక్కు బట్టి ఇప్పుడు ఇక్కడ ఉండాలి అని ఊహించడం మొదలుపెట్టింది. ఆ సంగతి తెర మీద చెప్పింది కూడా. ఓ మూల రెండు చిన్న అక్షరాల్లో. ఎవరూ చూడలేదు. ఆటోపైలట్‌కి అది ఊహో నిజమో తేడా తెలీదు, దాని ప్రకారం నడిపించుకుంటూ పోయింది. గాలి, ప్రవాహం ఓడని మెల్లగా పక్కకి నెడుతూ ఉన్నాయి. ఊహలో గాలి లేదు కదా! తెర మీద ఓడ గీత మీదే చక్కగా పోతోంది.

ఇలా 34 గంటలు నడిచింది. ఈ 34 గంటల్లో ఆఫీసర్లు చేసింది చూస్తే నాకు ఒళ్ళు జలదరిస్తుంది, ఎందుకంటే వాళ్ళేమీ నిద్రపోలేదు. గంటగంటకీ మ్యాప్ మీద పొజిషన్ గుర్తు పెట్టారు. ఆ పొజిషన్ ఎక్కడిది? అదే జీపీఎస్ పెట్టెది. పక్కనే లోరాన్ అని, ఒడ్డున ఉన్న రేడియో స్టేషన్లతో నడిచే వేరే పరికరం ఉంది. అది సరైన చోటే చూపిస్తోంది. రెండూ పోల్చి చూసిన వాళ్ళు లేరు. సాయంత్రం రాడార్‌లో ఒక బోయా, అంటే నీళ్ళలో తేలే గుర్తు కనిపించింది. లెక్క ప్రకారం అక్కడ ఒకటి ఉండాలి, కాబట్టి అదే ఇది అనుకున్నారు. నిజానికది వేరే బోయా. రెండో బోయా కనిపించాల్సిన టైమ్‌కి కనిపించలేదు. డ్యూటీలో ఉన్న ఆఫీసర్ మాత్రం కెప్టెన్ అడిగితే చూశానని చెప్పాడు. లోతు తగ్గితే మోగాల్సిన అలారం సున్నా మీటర్ల దగ్గర పెట్టి ఉంది, అంటే నేల తగిలాకే మోగుతుంది. దగ్గర్లో ఉన్న చేపల బోట్ల వాళ్ళు పోర్చుగీసు భాషలో, వచ్చీరాని ఇంగ్లీషులో రేడియోలో పిలిచి చెప్పబోయారు. వాళ్ళ మాట కూడా చెవికెక్కలేదు.

జూన్ 10 రాత్రి పదిన్నర వేళ, నాంటకెట్ దీవికి తూర్పున ఇసుక మెట్టలోకి ఎక్కి ఓడ ఆగిపోయింది. అప్పుడు చూసుకుంటే అనుకున్న దారికి 17 నాటికల్ మైళ్ళు, అంటే ముప్పై కిలోమీటర్ల పైగా పక్కనున్నారు. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. మరమ్మతు, నష్టం కలిపి 70 లక్షల డాలర్లు. ఇసుక కాబట్టి సరిపోయింది, అదే రాయి అయ్యుంటే ఈ కథ ఇలా చెప్పుకునేవాళ్ళం కాదు.

మీరు అనొచ్చు, 1995 కదా, పాత పరికరాలు కదా అని. నిజమే, ఇప్పుడు కేబుల్ ఊడితే అలారాలు గోల చేస్తాయి. కానీ చుక్క సరిగ్గానే ఉండి, మ్యాప్ తప్పయితే? 2013 జనవరిలో అమెరికా నేవీకి చెందిన గార్డియన్ అనే ఓడ ఫిలిప్పీన్స్ దగ్గర తుబ్బతాహ పగడపు దిబ్బ మీదికి ఎక్కేసింది. జీపీఎస్‌లో తప్పు లేదు. వాళ్ళు వాడిన డిజిటల్ మ్యాప్‌లో ఆ దిబ్బని దాదాపు ఎనిమిది నాటికల్ మైళ్ళు పక్కన గీశారు. దిబ్బ మీద దీపస్తంభం ఉంది, దాని దీపం కనిపించింది కూడా. అయినా తెరనే నమ్మారు. ఓడని బయటికి లాగలేక ముక్కలు ముక్కలుగా కోసి తీసుకెళ్ళారు.

ఇక మూడోది, ఈ రోజుల్లో ఎక్కువైనది. సిగ్నలే అబద్ధమైతే? శాటిలైట్ పంపేది కొన్ని పదుల వాట్లు, అంటే ఇంట్లో బల్బు అంత. ఇరవై వేల కిలోమీటర్లు దాటి వచ్చేసరికి అందులో మిగిలేది ఏమీ లేనట్టే. దాని మీద గట్టిగా అరిస్తే చాలు, మునిగిపోతుంది. అది జామింగ్. అరవకుండా, అదే గొంతుతో అబద్ధం చెప్తే స్పూఫింగ్. 2013లో టెక్సాస్ యూనివర్సిటీ ప్రొఫెసర్ టాడ్ హంఫ్రీస్, ఆయన విద్యార్థులు యజమాని అనుమతితోనే వైట్ రోజ్ అనే 65 మీటర్ల విలాస నౌక మీద ఇది చేసి చూపించారు. పెట్టెలో పట్టే పరికరంతో నకిలీ సిగ్నల్ పంపారు. మొదట అసలు సిగ్నల్‌తో సరిగ్గా కలిపి, తర్వాత కొద్దికొద్దిగా పక్కకి జరిపారు. ఓడ దారి తప్పుతోందని తెర చెప్పింది. సిబ్బంది దాన్ని "సరిచేశారు". నిజంగా దారి తప్పింది అప్పుడే. ఒక్క అలారం కూడా మోగలేదు.

నాలుగేళ్ళ తర్వాత, 2017 జూన్‌లో, నల్ల సముద్రంలో రష్యా తీరం దగ్గర ఇరవైకి పైగా ఓడలు తాము విమానాశ్రయంలో ఉన్నట్టు చూపించాయి. నేల మీద, గెలెంజిక్ ఎయిర్‌పోర్టులో! అది పట్టపగటి అబద్ధం కాబట్టి కెప్టెన్లకి వెంటనే తెలిసిపోయింది. 2025 జూన్‌లో ఇరాన్, ఇజ్రాయెల్ యుద్ధం నడుస్తున్నప్పుడు హోర్ముజ్ జలసంధి దగ్గర వందల ఓడల చుక్కలు ఇలాగే గంతులేశాయి. అటుగా వెళ్ళే ట్యాంకర్లలో, కంటైనర్ ఓడల్లో పనిచేసే మన శ్రీకాకుళం, విశాఖ కుర్రాళ్ళు ఎంతమందో. మీ ఇళ్ళల్లో మర్చంట్ నేవీలో ఎవరైనా ఉంటే అడిగి చూడండి, ఇది వాళ్ళకి కొత్త కబురేమీ కాదు. నాకు భయం వేసేది మాత్రం ఎయిర్‌పోర్టు చూపించే అబద్ధం కాదు. రెండు కిలోమీటర్లు మాత్రమే పక్కన చూపించే అబద్ధం.

మరి ఏం చేస్తారు? ఒకదానితో ఒకటి సంబంధం లేని సాక్షుల్ని పెట్టుకుంటారు. నేను చెప్పిన డ్రిల్లింగ్ ఓడ శాటిలైట్ని ఒక్కదాన్నే నమ్మదు. సముద్రపు అడుగున శబ్దంతో జవాబిచ్చే పరికరాల్ని దించి, వాటి నుంచి కూడా దూరాలు కొలుచుకుంటుంది. కంప్యూటర్ అన్నిటినీ పోల్చి, ఒకటి వేరే కథ చెప్తే దాన్ని పక్కన పెడుతుంది. రాయల్ మెజెస్టీలో రెండు సాక్ష్యాలున్నా అడిగేవాడు లేకుండా పోయాడు. మామూలు ఓడలకి రాడార్‌లో కనిపించే తీరం ఉంది, లోతు కొలిచే సౌండర్ ఉంది, కిటికీ ఉంది. అమెరికా నేవల్ అకాడమీ ఆపేసిన నక్షత్రాల నావిగేషన్‌ని మళ్ళీ 2015లో మొదలుపెట్టింది. నక్షత్రాన్ని ఎవడూ హ్యాక్ చేయలేడు కదా. గెలీలియో అయితే తన సందేశం మీద డిజిటల్ సంతకం పెడుతోంది, ఇది నేనే పంపాను అని.

చేపల బోటుకి ఇవన్నీ ఎక్కడివి అంటారు. ఒడ్డు కనిపించినంత వరకు వాళ్ళ పద్ధతి వాళ్ళకుంది. ఒడ్డు మీద ఒక కొండ, దాని ముందు ఒక తాటిచెట్టో దీపస్తంభమో, రెండూ ఒకే వరుసలోకి వస్తే ఒక గీత దొరికినట్టు. ఇంకో జత గుర్తులతో ఇంకో గీత. రెండూ కలిసిన చోటే బోటు. శాటిలైట్ లెక్క కూడా ఇంతే కదా, గుర్తులు ఆకాశంలో ఉన్నాయి అంతే తేడా. ఒడ్డు కనుమరుగైతే మాత్రం జీపీఎస్ పెట్టే దిక్కు. అక్కడ మన హైదరాబాద్‌లో ఉన్న ఇన్‌కాయిస్ వాళ్ళు ఎయిర్‌పోర్ట్స్ అథారిటీతో కలిసి చేసిన జెమిని అనే చిన్న పరికరం ఉంది. 2019లో విడుదలైంది. గగన్ శాటిలైట్ నుంచి తుఫాను హెచ్చరికలు, చేపలు దొరికే చోట్లు అందుకుని, బ్లూటూత్‌తో ఫోన్‌కి పంపుతుంది. టవర్ అక్కర్లేదు. లోటు ఏంటంటే అది ఒకవైపే మాట్లాడుతుంది. బోటు వినగలదు, తిరిగి అరవలేదు.

ఒక చిన్న పని చెప్పి ముగిస్తాను. ఆండ్రాయిడ్ ఫోన్ ఉంటే జీపీఎస్‌టెస్ట్ అనే ఉచిత యాప్ వేసుకోండి. ఫోన్‌ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి, వైఫై కూడా ఆపేయండి. జీపీఎస్ అయినా పనిచేస్తుంది, ఎందుకంటే ఫోన్ వింటోందే తప్ప పంపట్లేదు. డాబా ఎక్కి కాసేపు ఆగండి. ఒక్కో శాటిలైటూ వరుసగా కనిపిస్తుంది, ఏ దేశానిదో జెండాతో సహా. మీ ఫోన్ చిప్ పట్టుకోగలిగితే అందులో మన నావిక్‌వి కూడా ఉంటాయి, శ్రీహరికోట నుంచి ఎగిరినవి. ఇప్పుడు ఫోన్‌ని కదపకుండా పది నిమిషాలు గోడ మీద పెట్టి, చుక్క ఎంత తిరుగుతుందో చూడండి. ఒకసారి మధ్యాహ్నం, ఇంకోసారి రాత్రి ఎనిమిది తొమ్మిది మధ్యలో చేసి రెండూ పోల్చుకోండి. అయనోస్ఫియర్ బుడగల గురించి చెప్పాను కదా, అవి లేచే వేళ అదే.

సరే ఫ్రెండ్స్, వచ్చే ఎపిసోడ్‌లో సముద్రం అడుగున మన ఇంటర్నెట్‌ని మోసే కేబుళ్ళ గురించి మాట్లాడుకుందాం. ఉంటాను.